మూడు నెలలు బరువెత్తొద్దంటారు, మరి ఆ మూడు నెలల కూలి ఎవరిస్తారు?



ఈ పోస్టు పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి. విడవలూరు మండలం నుంచి వచ్చి నెల్లూరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న యానాది ఆడపిల్లలం మేము రాస్తున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ గ్రూపులో ఉద్యోగ నోటిఫికేషన్లు వస్తాయి, కులధ్రువీకరణ పత్రాల గొడవలు వస్తాయి, ఇళ్ళ పట్టాల గురించి వస్తాయి. అన్నీ కావాల్సినవే. కానీ మన అమ్మలు, పెద్దమ్మలు, అత్తలు ఏళ్ళ తరబడి ఒంట్లో పెట్టుకుని తిరుగుతున్న ఒక బాధ గురించి ఇక్కడ ఇంతవరకూ ఒక్క అక్షరం రాలేదు. గర్భసంచి జారడం. మనోళ్ళు "సంచి దిగింది" అంటారు. అదీ చెవిలోనే అంటారు.

"ఇది ఆడోళ్ళ విషయం, గ్రూపులో ఎందుకు" అని కొందరు అనబోతారని మాకు తెలుసు. నాట్లేసేది ఆడోళ్ళే, ఆ కూలితో మన హాస్టల్ పెట్టె కొన్నదీ ఆడోళ్ళే. ఆ డబ్బులు తీసుకునేటప్పుడు ఆడోళ్ళ విషయం అని ఎవరూ పక్కకు పోలేదు కదా. అందుకే ఇక్కడే రాస్తున్నాం.

ముందు ఇదేందో మామూలు మాటల్లో చెప్పుకుందాం. పొత్తికడుపు కింద నులకమంచం అల్లినట్టు కండరాలు, వాటికి తోడు గట్టి పట్టీలు ఉంటాయి. గర్భసంచినీ, మూత్రసంచినీ, మలద్వారం దగ్గరి పేగునూ అవే మోస్తాయి. మంచం నులక వదులైతే పడుకున్నవాళ్ళు కుంగినట్టే, ఆ కండరాలు వదులైతే గర్భసంచి యోని దారిలోకి జారుతుంది. మొదట్లో బరువుగా, ఏదో కిందికి లాగుతున్నట్టు ఉంటుంది. నడుము పీకుతుంది. సాయంత్రానికి ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంది. తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం పడుతుంది. ముదిరితే గర్భసంచి బయటికే వచ్చి బట్టకు ఒరుసుకుని పుండు పడుతుంది. డాక్టర్లు దీన్ని దశలుగా చూస్తారు. మొదటి దశకూ చివరి దశకూ వైద్యం ఒకటి కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎందుకొస్తుంది? ఎక్కువ కాన్పులు, లేత వయసులో కాన్పు, గంటల తరబడి నొప్పులు పడ్డ కాన్పు, బాలింత ఒళ్ళు గట్టిపడకముందే బరువులెత్తడం, ఏళ్ళ తరబడి తగ్గని దగ్గు, మలబద్ధకం, ముట్లు ఆగిపోయాక కండరాల్లో సత్తువ తగ్గడం. ఇవి వైద్య పుస్తకాల్లో ఉండే కారణాలు. ఇప్పుడు ఆ జాబితాను మన కాలనీ పక్కన పెట్టి చూడండి.

రామతీర్థం నుంచి ముదివర్తి దాకా ఏ కాలనీకైనా పోండి. మన ఆడవాళ్ళు చేసే పనులేంటి? మోకాటిలోతు బురదలో పొద్దున్నించీ వంగి నాట్లు, కలుపులు. నారుకట్టలు మోయడం. రొయ్యల గుంటల కాడ కాపలాకి మొగుడు కుదిరితే, మేత బస్తా కట్ట మీదికి చేర్చేది పెళ్ళాం కూడా. సరుగుడు తోటల్లో కట్టెలు నరికి మోపులు ఎత్తడం. ఇటుకబట్టీల్లో తలమీద ఇటుకలు. కాలవల్లో దిగి చేపలు, పీతలు పట్టడం. ఇంటికొచ్చి బోరింగు కాడి నుంచి బిందెలు. రాత్రికి పొగపొయ్యి, ఆ పొగకి దగ్గు. కాన్పయిన నెలకే చంటిబిడ్డను గట్టు మీద చీర ఉయ్యాల్లో వేసి మళ్ళీ చేలో దిగినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఎవరికీ సరదా కాదు, ఆరోజు కూలి ఆరోజు తేకపోతే పొయ్యి వెలగదు గనక.

పెళ్ళి వయసు సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళి అయిపోయింది. ఇది అన్ని కులాలనూ కలిపిన లెక్క. మన కాలనీల లెక్క ఎంతుంటుందో మీ మీ ఇళ్ళల్లో మీరే లెక్కపెట్టుకోండి.

కాబట్టి "దాని ఒళ్ళు మంచిది కాదు", "చిన్నప్పుడు జాగ్రత్తగా ఉండలేదు", "ఏదో పాపం తగిలింది" అనే మాటలు ఇకనైనా ఆపండి. అది ఆమె ఒంటి తప్పు కాదు. ఆమె మీద మోపిన పని చేసిన గాయం. చేయి మిషన్‌లో పడితే దాన్ని పని ప్రమాదం అంటారు, పరిహారం అడుగుతారు. పదిహేనేళ్ళు బురదలో వంగి వంగి గర్భసంచి జారితే మాత్రం దాన్ని ఆడజబ్బు అని మూలన పెడతారు. ఇదెక్కడి న్యాయం?

ఇక దాచుకోవడం. పాతబట్ట ఉండచుట్టి లోపల పెట్టుకుని గోచీలా బిగించి చేలోకి పోయేవాళ్ళు ఉన్నారు. దానివల్ల పుండు పడుతుంది, చీము పడుతుంది, వాసన వస్తుంది. వాసన వస్తుందని పెళ్ళిళ్ళకు పోరు, సంఘం మీటింగులో వెనక కూర్చుంటారు. మొగుడు దగ్గరికి రావాలంటే నొప్పి. కాదంటే అనుమానం, తన్నులు. నీళ్ళు తాగితే మూత్రం వస్తుందని నీళ్ళే తాగరు, ఎండలో పడిపోతారు. ఇవన్నీ మాకు సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, కాలేజీకి పోయే పిల్లలం కదా తెలుస్తుందేమో అని, ఒక్కొక్కరుగా పక్కకు పిలిచి చెప్పినవి. పేర్లు రాయం. మీకు తెలిసిన పేర్లు మీకున్నాయి.

ఇప్పుడు వైద్యం సంగతి. అసలు మా కోపం ఇక్కడుంది.

ధైర్యం చేసి ఆసుపత్రికి పోయిన మన ఆడమనిషికి ఎక్కువగా దొరికేది ఒకటే మాట: "తీసేద్దాం." ఇద్దరు బిడ్డలున్నారు కదా, ఇంకా సంచెందుకు, ఉంచితే క్యాన్సర్ అవుద్ది. ఈ బెదిరింపు విన్నవాళ్ళు మా కాలనీల్లోనే ఉన్నారు. మొదటి దశా, మూడో దశా ఎవరూ చెప్పరు. వేరే దారి ఉందని ఎవరూ చెప్పరు.

వేరే దారులు ఉన్నాయి. వరసగా రాస్తున్నాం.

మొదటిది వ్యాయామం. మూత్రం ఆపుకోడానికి బిగించే కండరాలు ఉంటాయి కదా, వాటిని బిగించి, పదంకెలు లెక్కపెట్టేదాకా పట్టి, వదలడం. ఒక విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మూడు నాలుగు నెలలు విడవకుండా చేయాలి. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి చేయకూడదు, విడిగా చేయాలి. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీని గురించి రాశాడు, అందుకే కెగెల్ వ్యాయామం అంటారు. తొలి దశల్లో బాధ బాగా తగ్గిస్తుంది. రూపాయి ఖర్చు లేదు. బాగా జారిపోయిన సంచిని ఇది పైకి చేర్చదు, ఆ సంగతి కూడా తెలిసుండాలి.

రెండోది రింగు. పెస్సరీ అంటారు. మెత్తటి సిలికాన్ రింగును కొలత చూసి లోపల పెడితే గర్భసంచిని పైకి మోసిపెడుతుంది. ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళకీ, ఇప్పుడే చేయించుకోలేనివాళ్ళకీ, గుండెజబ్బు లాంటివి ఉన్న ముసలివాళ్ళకీ ఇది దారి. కొన్ని నెలలకోసారి తీసి కడిగి, లోపల పుండు పడిందేమో చూపించుకోవాలి. నేర్పిస్తే కొందరు తామే తీసి పెట్టుకోగలరు. మన కాలనీలో ఎంతమందికి ఈ రింగు పేరు తెలుసు? అడిగి చూడండి.

మూడోది ఆపరేషన్. అందులోనూ ఒక్క రకం లేదు. గర్భసంచిని ఉంచి, దాన్ని పట్టీతో పైకి కట్టే ఆపరేషన్లు ఉన్నాయి. ఇవి ఎక్కడో విదేశంలో మాత్రమే చేసేవి కాదు. బొంబాయి డాక్టర్లు శిరోద్కర్, పురందరే లాంటివాళ్ళు, వయసులో ఉన్న ఆడవాళ్ళకు గర్భసంచి పోకూడదనే ఇలాంటి పద్ధతులు తయారుచేశారు. వాళ్ళ పేర్లతోనే ఆ ఆపరేషన్లను పుస్తకాల్లో చెబుతారు. గర్భసంచి తీయడం కూడా కొందరికి అవసరమే, మేము కాదనడం లేదు. కానీ తీసేసినంత మాత్రాన వదులైన నులక బిగుసుకోదు. కింది కండరాలను కూడా బాగుచేసి పైభాగాన్ని కట్టకపోతే, సంచి లేకపోయినా యోని పైభాగమే జారుతుంది. అంటే ఆపరేషన్ అయిపోయి, అప్పు మిగిలి, జబ్బు మళ్ళీ వస్తుంది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే వయసుకు ముందే ముట్లు ఆగిపోయినట్టే. ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

ఇది మా ఊహ కాదు, లెక్కలు చూడండి. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది. దేశంలోనే మనది మొదటి వరస. 2019-21 సర్వేలోనూ మన సంగతి పెద్దగా మారలేదు. దేశం మీద మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఆంధ్రా ఆడదానికి దేశంలో మిగతావాళ్ళకంటే మూడు రెట్లు చెడిపోయిన గర్భసంచి ఇచ్చాడా దేవుడు? 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదలకు మేలు చేసింది, కాదనం. కానీ కార్డు మీద డబ్బులొస్తాయి గనక గర్భసంచులు తీసేస్తున్నారని గోల పుట్టి, చివరికి ప్రైవేటులో ఆ ఆపరేషన్ల మీద ప్రభుత్వమే కట్టడి పెట్టాల్సి వచ్చింది.

మహారాష్ట్ర బీడ్ జిల్లా సంగతి కూడా తెలుసుకోండి. అక్కడ చెరకు నరికే ఆడకూలీలు ముట్టు రోజుల్లో పని ఆగితే జరిమానా పడుతుందని గర్భసంచులే తీయించుకున్నారు. 2019లో ఆ ప్రభుత్వం కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. కూలి ఆగకూడదు గనక ఒంట్లో భాగమే తీసేసుకున్నారు. అక్కడ చెరకు, ఇక్కడ వరి. అంతే తేడా.

సరే, ఆపరేషన్ అవసరమై, మంచి డాక్టరు దొరికి, బాగా చేశారనుకుందాం. తర్వాత? డిశ్చార్జి కాగితం మీద రాస్తారు: ఆరు వారాలు బరువెత్తొద్దు, వంగి పనిచేయొద్దు, మొగుడితో కలవొద్దు, ముక్కొద్దు, దగ్గు రాకుండా చూసుకో, పూర్తిగా కోలుకోడానికి మూడు నెలలు. పాలు, పప్పు, ఆకుకూరలు, గుడ్లు తిను. రాసింది తప్పు కాదు. లోపల కుట్లు మానాలన్నా, కట్టిన పట్టీ గట్టిపడాలన్నా ఆ టైము కావాల్సిందే. కానీ ఆ కాగితం ఎవరికి రాశారు? నెల జీతం, మెడికల్ లీవు ఉన్న మేడమ్‌కి రాసినట్టు రాశారు. నాట్ల సీజన్లో మేస్త్రీ దగ్గర ముందే బయానా తీసుకున్న మన అమ్మకి ఆ కాగితం ఏం పనికొస్తుంది? ఆమె ఇరవయ్యో రోజుకే చేలో ఉంటుంది. ఆర్నెల్లకు మళ్ళీ జారుతుంది. అప్పుడు "చెప్పిన మాట వినలేదు" అని ఆమెనే తిడతారు.

విశ్రాంతి కూడా మందే. మందు రాసి, కొనుక్కునే డబ్బు ఇవ్వకపోతే వైద్యం చేసినట్టు కాదు.

ఈ మాట ప్రభుత్వం ఒకసారి ఒప్పుకుంది కూడా. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా అని పెట్టి, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇస్తామన్నారు. ఆలోచన సరైనదే. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే విశ్రాంతి విలువ కూలి కంటే తక్కువే కట్టారు. అయినా ఒక దారి పడింది. ఆ దారి పూడిపోకూడదు. పథకానికి ఏ నాయకుడి పేరైనా పెట్టుకోండి, మాకు పేచీ లేదు. గర్భసంచి ఆపరేషన్ అయిన కూలిమనిషికి పన్నెండు వారాల కూలి, ఉపాధి హామీ రేటుకు తగ్గకుండా, ఆసుపత్రి నుంచి ఇంటికి పోయే రోజే ఖాతాలో పడాలి.

ఇంకో సంగతి. మనం గిరిజనులమే, కానీ నెల్లూరు జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కాదు. గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకి ఒక ఉపకేంద్రం, 20,000కి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని నియమం. మైదానంలో 5,000కీ, 30,000కీ. మనం ఊరి చివర, కాలవగట్టున, గుంటల పక్కన ఇరవై ముప్పై గడపలుగా చెదిరి ఉన్నాం గనక మనకు మైదానం లెక్కే. కొండ మీద లేకపోతే మన బాధ గిరిజన బాధ కాదా? నెల్లూరులో యానాదుల కోసమే ప్రత్యేకంగా ఐటీడీఏ ఉంది. ఇది అది పట్టించుకోవాల్సిన పని. విడవలూరు నుంచి కోవూరు మీదుగా నెల్లూరు పెద్దాసుపత్రికి పోయి రావాలంటే ఆడమనిషికి ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ళ కూలి కూడా పోతుంది. డాక్టరు రేపు రమ్మంటే ఇంకో రోజు. మూడోసారి ఆమె పోదు. అప్పుడు "వీళ్ళకు శ్రద్ధ లేదు" అంటారు.

ఇవి అడగడం గొంతెమ్మ కోరికలేం కాదు. పక్కనున్న నేపాల్లో 2008లోనే అక్కడి సుప్రీంకోర్టు, ఇంతమంది ఆడవాళ్ళకు గర్భసంచి జారుతుంటే పట్టించుకోకపోవడం వాళ్ళ హక్కును కాలరాయడమే అని తీర్పు ఇచ్చింది. జబ్బు అనలేదు, హక్కు అంది. మన సుప్రీంకోర్టు కూడా 2023 ఏప్రిల్లో, డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో, అవసరం లేకుండా గర్భసంచులు తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. దాని ప్రకారం జిల్లాల్లో కూడా పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. మన జిల్లా కమిటీలో ఎవరున్నారు? ఎన్నిసార్లు కూర్చున్నారు? అందులో ఒక్క యానాది ఆడమనిషి ఉందా?

1992లో ఇదే జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే, 1993లో ప్రభుత్వం సారాను ఆపింది. వాళ్ళలో చాలామందికి సంతకం చేయడం కూడా అప్పుడప్పుడే వచ్చింది. మనం డిగ్రీ చదువుతున్నాం. మనకు నోరు లేదా?

అన్నలూ తమ్ముళ్ళూ, మీకు విడిగా ఒక మాట. 2019-21 సర్వేలోనే ఇంకో లెక్కుంది. మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ళ సంఖ్య నూటికి ఒకటి కూడా లేదు. ప్రతి కత్తీ ఆడదాని ఒంటిమీదే పడాలా? పెద్ద ఉద్యమం చేయమని మిమ్మల్ని అడగడం లేదు. ఇంట్లో నీళ్ళబిందె మీరు ఎత్తండి. వదిన బాలింతగా ఉంటే మోపు మీరు మోయండి. అమ్మ ఆసుపత్రికి పోతానంటే "ఏముందిలే" అనకుండా తోడు పోండి. చెల్లెలికి పద్దెనిమిది నిండకుండా సంబంధం తెస్తే అడ్డం పడండి. ఇవి చేయకుండా జాతి కోసం పోరాడతాం అని స్టేటస్‌లు పెడితే ఆ జాతిలో ఆడోళ్ళు లేరనుకోవాలి.

మనం అడగాల్సినవి:

1. ప్రతి కాలనీకీ నెలకోసారి ఆడ డాక్టరు గానీ, శిక్షణ ఉన్న నర్సు గానీ వచ్చి, చాటు ఉన్న గదిలో పరీక్ష చేయాలి. ఏ దశో కాగితం మీద రాసివ్వాలి.
2. మండల స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో రింగు ఉచితంగా పెట్టాలి. వ్యాయామం నేర్పే మనిషి ఉండాలి.
3. 40 ఏళ్ళ లోపు ఆమెకు గర్భసంచి తీయాలంటే రెండో డాక్టరు చూసి సంతకం చేయాలి.
4. ఆపరేషన్ తర్వాత పన్నెండు వారాల కూలి, పోషకాహారం ఇవ్వాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూడాలి.
5. జిల్లా పర్యవేక్షణ కమిటీలో గిరిజన ఆడవాళ్ళకు చోటు ఉండాలి.

మనం చేయాల్సినవి:

సమాచార హక్కు కింద జిల్లా కమిటీ వివరాలు అడుగుతూ అర్జీ మేము రాస్తున్నాం. ప్రతి మండలం నుంచి ఒకరు అలాగే రాయండి. సోమవారం కలెక్టరాఫీసు అర్జీల రోజుకి అమ్మలను తీసుకుని గుంపుగా పోదాం. కాలనీలో మాట్లాడేటప్పుడు మగపిల్లలు బయట ఉండండి, లోపల ఆడపిల్లలు మాట్లాడతారు. ఎవరి పేరూ, ఎవరి ఫోటో ఈ గ్రూపులో పెట్టొద్దు. పెడితే అడ్మిన్ అన్న తీసేయాలి.

అమ్మతో ఆసుపత్రికి పోయినవాళ్ళు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. ఏ దశలో ఉంది? రింగుతో గానీ వ్యాయామంతో గానీ సరిపోతుందా? తీయకుండా కట్టే ఆపరేషన్ కుదురుతుందా? తీస్తే అండాశయాలు ఉంచుతారా, కింది కండరాలు కూడా బాగుచేస్తారా? ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద అవుతుందా? జవాబు చెప్పకుండా కసిరితే, ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయొద్దు. ఇంకో డాక్టరుకి చూపించండి. కానీ రక్తం ఆగకుండా పోతున్నా, ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడినా, మూత్రం బిగుసుకుపోయినా, ఆపరేషన్ తర్వాత జ్వరం, చెడువాసన వచ్చినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి.

ఈ పోస్టు చదివి లైకు కొట్టి పోవద్దు. ఈరోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, ఫోన్ అమ్మకి ఇమ్మని, "నీ ఒంట్లో ఎట్లుందమ్మా" అని అడగండి. మొదటిసారి "బాగానే ఉంది" అంటుంది. రెండోసారి అడగండి.

జై భీమ్. జై ఆదివాసీ.

— విడవలూరు మండలం హాస్టల్ ఆడపిల్లలు